సముద్రానికి దూరంగా ఉప్పునీటి ఆక్వేరియం: సంపు నిర్మాణం, నత్రజని నిర్వహణ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో సంపు అంటే ఏమిటో ఎవరికీ వివరించనవసరం లేదు. ఇంటి ముందు నేలలో కట్టి, నల్లా వచ్చినప్పుడు నింపుకొని, మోటారుతో పై ట్యాంకుకు ఎక్కించుకునే తొట్టి అది. ఉప్పునీటి ఆక్వేరియం విషయంలో వాడే సంపు అన్న మాట కూడా అదే. అదీ ప్రధాన తొట్టికి కిందనే ఉంటుంది, దానిలోనూ ఒక మోటారు ఉంటుంది. పోలిక అంతవరకే. ఇంటి సంపు నీటిని నిలువ చేస్తుంది. ఆక్వేరియం సంపు మాత్రం నీటిని గంటకు నాలుగైదు సార్లు తన గుండా పోనిచ్చి, అందులోని మలినాలను వడకట్టి, మిగిలినవాటిని సూక్ష్మజీవులకు అప్పగించి తిరిగి పైకి పంపుతుంది. చేపలు కనిపించేది పై తొట్టిలోనే అయినా వాటి ప్రాణం ఆధారపడేది ఈ కింది తొట్టిపై.

వ్యవసాయ విశ్వవిద్యాలయ పత్రికలో ఈ విషయానికి చోటేమిటన్న సందేహం సహజం. ఉప్పునీటి తొట్టిలో మొదటి రెండు నెలల్లో చేపలు చనిపోవడానికి సాధారణ కారణం వ్యాధి కాదు, అమ్మోనియా. ఆ తొట్టిలో జరిగే రసాయన చర్యలన్నీ నీరు నిలిచిన వరిపొలంలో జరిగేవే. యూరియా వేసిన మడిలో మధ్యాహ్నం పూట నత్రజని ఎందుకు ఆవిరవుతుందో తెలిసిన విద్యార్థికి, చేపలు ఎందుకు చనిపోయాయో దుకాణదారు కంటే బాగా అర్థమవుతుంది. 

ఈ సంబంధం యాదృచ్ఛికం కూడా కాదు. తొట్టిలో చేపలు, మొక్కలు, నత్తలు పరస్పరం ఆధారపడి నిలకడగా జీవించగలవన్న సూత్రాన్ని 1850లో లండన్‌లో ప్రకటించినవాడు రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త. తరువాత ఆయన అవే ప్రయోగాలను సముద్రపు నీటితోనూ చేశాడు. ఆయన కుమారుడి పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. అతడు రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో నేలలోని నత్రీకరణపై పనిచేసి, అమ్మోనియా నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మారడం రెండు వేర్వేరు దశలని తేల్చడంలో పాలుపంచుకున్నాడు. ఆ చర్య జీవసంబంధమైనదని 1877లో ష్లోసింగ్, ముంజ్ నిరూపించగా, ఆ బాక్టీరియాను 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ వేరుచేశాడు. తండ్రి తొట్టి ఎందుకు నిలిచిందో కుమారుడి పరిశోధన వివరించిందని చెప్పవచ్చు.

నీటి ఎంపిక

జాతీయ రహదారి 65 సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడ దాటి మచిలీపట్నం వరకు వెళుతుంది కాబట్టి, అక్కడి నుండే సముద్రపు నీరు తెచ్చుకోవచ్చన్న ఆలోచన కొందరికి వస్తుంది. కోదాడ నుండి అది 150 కి.మీ. పైబడిన దూరం. దూరం కంటే పెద్ద అభ్యంతరం వేరే ఉంది. కృష్ణా డెల్టా తీరపు నీటిలో ఒండ్రు ఎక్కువ, వానాకాలంలోనూ ఆ తరువాతి నెలల్లోనూ నదుల నీరు కలిసి ఉప్పుదనం బాగా తగ్గుతుంది. నెలనెలా ఒకే గుణం గల నీరు దొరకదు. లోతట్టు ప్రాంతానికి కృత్రిమ సముద్ర లవణ మిశ్రమమే తగినది.

కళ్ళుప్పు సముద్రం నుండి వచ్చిందే కదా, దాన్నే కలిపితే సరిపోదా అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. సరిపోదు. ఉప్పుమడులలో నీరు ఇగిరేటప్పుడు మొదట కాల్షియం కార్బొనేటు, ఆపై జిప్సం అడుగున చేరతాయి. తరువాత సోడియం క్లోరైడు స్ఫటికాలు కడుతుంది. మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా ఉన్న చేదు ద్రవాన్ని వేరుచేసి వదిలేస్తారు. అందువల్ల కళ్ళుప్పు అంటే నీరు తీసేసిన సముద్రం కాదు, సముద్రంలోని ఒక్క లవణం. సహజ సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రా. లవణాలుంటాయి. వాటిలో క్లోరైడు 19 గ్రా., సోడియం 10.8 గ్రా., సల్ఫేటు 2.7 గ్రా., మెగ్నీషియం 1.3 గ్రా., కాల్షియం, పొటాషియం ఒక్కొక్కటి సుమారు 0.4 గ్రా. ఈ నిష్పత్తి చెడితే చేపల మొప్పలు, మూత్రపిండాలు శరీరంలోని అయాన్ల సమతుల్యాన్ని నిలుపుకోలేవు.

లవణ మిశ్రమాన్ని ఏ నీటిలో కలపాలన్నది ఈ ప్రాంతంలో నిజంగా ఆలోచించవలసిన విషయం. నల్గొండ అనగానే ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. చిత్రమేమిటంటే సముద్రపు నీటిలోనే లీటరుకు 1.3 మి.గ్రా. ఫ్లోరైడు సహజంగా ఉంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల వాంఛనీయ పరిమితి 1 మి.గ్రా. మాత్రమే. కాబట్టి మనిషిని పీడించే ఫ్లోరైడు సముద్రపు చేపకు మొదటి శత్రువు కాదు. అసలు ఇబ్బంది బోరు నీటిలోని నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికాలతో వస్తుంది. ఎరువులు ఎక్కువగా వాడే ఆయకట్టులో భూగర్భ జలంలోకి నైట్రేటు దిగుతుంది. గ్రానైటు రాతి పొరల నుండి సిలికా కరుగుతుంది. తొట్టి అద్దాలపై, ఇసుకపై గోధుమ రంగు పొరలా పేరుకునే డయాటమ్ నాచుకు ఆ సిలికాయే ఆహారం. కోదాడ దాటి హుజూర్‌నగర్, మేళ్ళచెర్వుల వైపు వెళితే సున్నపురాయి నేలల వల్ల నీటి కాఠిన్యం పెరుగుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు బోరు నీటి కంటే మృదువైనదే గాని, పొలాల మురుగు, పురుగుమందుల అవశేషాలు ఎప్పుడు కలుస్తాయో చెప్పలేము. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది.

వీటన్నింటికీ పరిష్కారం రివర్స్ ఆస్మాసిస్ నీరు. ఫ్లోరైడు పుణ్యమా అని ఈ జిల్లాలలో ఆర్.ఓ. ప్లాంటు లేని ఊరు అరుదు. అయితే ఇంటి ఆర్.ఓ. యంత్రాలలో రుచి కోసం కొంత ముడి నీటిని తిరిగి కలిపే ఏర్పాటు, ఖనిజాలు చేర్చే గొట్టం ఉంటాయి. ఆక్వేరియం కోసం నీరు పట్టేటప్పుడు మొదటిదాన్ని పూర్తిగా మూసివేయాలి, రెండవదాన్ని తప్పించాలి. వెలుపలికి వచ్చే నీటిని అయాన్ వినిమయ రెసిన్ గుండా పంపితే కరిగిన లవణాల మీటరు సున్నా దగ్గర నిలుస్తుంది. ఆ మీటరు పైకి జరగడం మొదలైతే రెసిన్ అయిపోయినట్టు లెక్క. ఈ నీటిని మందు పిచికారీకి వాడిన బకెట్లలో, డ్రమ్ములలో పట్టరాదు. ఎంత కడిగినా మిగిలే రాగి, పైరిథ్రాయిడ్ జాడలు రొయ్యలను, నత్తలను గంటలలో చంపగలవు. దోమల చుట్టలు, ద్రవ మందులు వెలిగించే గదిలో గాలి పంపు పెట్టకపోవడం కూడా ఇందుకే. గదిలోని పైరిథ్రాయిడ్‌ను అది నేరుగా నీటిలోకి ఊదుతుంది.

ముందు నీరు, తరువాత లవణం. ఈ క్రమం తారుమారై లవణంపై నీరు పోస్తే, గాఢ ద్రావణంలో కాల్షియం కార్బొనేటుగా మారి తెల్లగా పేరుకుంటుంది, మళ్ళీ కరగదు. చిన్న పంపుతో ఒక రోజు తిప్పిన తరువాత 25 డిగ్రీల వద్ద సాపేక్ష సాంద్రత 1.025 నుండి 1.026 ఉండాలి. మృత్తికా పరీక్షా కేంద్రంలోని విద్యుద్వాహకత మీటరుతో కొలిస్తే ఇది మీటరుకు దాదాపు 53 డెసీసైమన్లు. నేల ద్రావణంలో 4 దాటితేనే చౌడు నేల అంటామన్నది గుర్తుంచుకుంటే ఈ సంఖ్య ఎంత పెద్దదో తెలుస్తుంది.

సంపు కొలతలు

కొత్తగా ప్రారంభించేవారికి 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు గల తొట్టి అనుకూలం. ఇంతకంటే చిన్నది చవక అనిపిస్తుంది గాని, నీరు తక్కువైనకొద్దీ పొరపాటును భరించే శక్తి తగ్గుతుంది. పైన 5 సెం.మీ. ఖాళీ ఉంచితే ఇందులో 162 లీ. నీరు పడుతుంది. దీని కిందికి 60 సెం.మీ. పొడవు, వెడల్పు ఎత్తులు 35 సెం.మీ. గల సంపులో 20 సెం.మీ. ఎత్తున నీరుంటే 42 లీ. రాళ్ళు ఆక్రమించే చోటు పోగా మొత్తం వ్యవస్థను 200 లీ. గా లెక్కించవచ్చు. లవణ మిశ్రమం, దానిలోని తేమతో కలిపి, ఏడున్నర కిలోలు కావాలి. రాళ్ళు, అద్దాలతో సహా బరువు పావు టన్ను దాటుతుంది కాబట్టి స్టాండు ఇనుముతోనో గట్టి చెక్కతోనో చేయించి, నీటి మట్టంతో సరిచూడాలి.

పై తొట్టి నుండి నీరు కిందికి దిగే తీరు చెరువు అలుగును పోలి ఉంటుంది. తొట్టి మూలలో పళ్ళున్న పలక ఒకటి అమర్చుతారు. నీరు దాని అంచు మీదుగా పొర్లి గొట్టంలో పడి సంపుకు చేరుతుంది. తూము ద్వారా అడుగు నుండి తీయకుండా అలుగు మీదుగా తీయడంలో రెండు ప్రయోజనాలున్నాయి. నీటి ఉపరితలంపై చేరే జిడ్డుపొర, సేంద్రియ పదార్థం ముందుగా దిగిపోయి ప్రాణవాయువు కరగడానికి దారి ఏర్పడుతుంది. ఇక పంపు ఎంత పంపినా, ఆగినా పై మట్టం దాదాపు మారదు. అలుగుకు పక్కన కాస్త ఎత్తులో రెండవ గొట్టం తప్పక ఉండాలి. మొదటిది నత్తతోనో నాచుతోనో పూడుకుపోయిన రోజున అది ఇంటి నేలను కాపాడుతుంది.

సంపులో పడిన నీరు ముందుగా గుడ్డ సంచి గుండా పోయి ముతక మలినాలను వదులుతుంది. ఈ సంచిని మూడు నాలుగు రోజులకొకసారి ఉతకనట్లయితే అందులో చిక్కిన మేత, మలం అక్కడే కుళ్ళి అమ్మోనియా అవుతాయి. వడకట్టిన వ్యర్థం నీటిలోనే ఉన్నంతవరకు వడకట్టనట్టే. తరువాతి గదిలో నురుగు తీసే స్కిమ్మర్ ఉంటుంది. సన్నని గాలిబుడగలు నీటిలో పైకి లేచేటప్పుడు ప్రోటీనులు, కొవ్వులు వాటి ఉపరితలానికి అంటుకొని పై గిన్నెలో గోధుమ రంగు నురుగుగా చేరతాయి. అలలు ఒడ్డున వదిలే నురుగు ఇదే. మంచినీటిలో బుడగలు త్వరగా కలిసిపోయి పెద్దవవుతాయి కాబట్టి ఈ పరికరం ఉప్పునీటిలోనే సరిగా పనిచేస్తుంది. సేంద్రియ పదార్థం విచ్ఛిన్నమై అమ్మోనియాగా మారకముందే బయటికి తీసే సాధనం ఇదొక్కటే. మూడవ గదిలో సచ్ఛిద్ర సిరామిక్ ముక్కలు, సముద్రపు నాచు. చివరి గదిలో తిరిగి పైకి పంపే మోటారు. గదుల మధ్య అడ్డుపలకలు బుడగలను ఆపుతాయి, మొదటి గదులలో మట్టాన్ని స్థిరంగా ఉంచుతాయి.

మోటారు ఎంపికలో రైతుకు తెలిసిన సూత్రమే వర్తిస్తుంది. డబ్బాపై రాసిన గంటకు ఇన్ని లీటర్లన్న సంఖ్య హెడ్ సున్నా ఉన్నప్పటిది. సంపు నుండి పై అంచు వరకు ఉండే 1.2 మీ. ఎత్తులో, వంపులలో అది సగానికి పడిపోవచ్చు. పై తొట్టికి గంటకు 700 నుండి 800 లీ. చేరితే చాలు.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందన్న లెక్క తొట్టి కొనకముందే వేయాలి. వేసవి చివర ఈదురుగాలులు వీచే రోజుల్లో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. మోటారు ఆగగానే పైకి నీరు తెచ్చే గొట్టం సైఫన్‌గా మారి వెనక్కి లాగుతుంది. దాని మూతి నీటి మట్టానికి 5 సెం.మీ. లోతున ఉంటే 90ని 45తో, 5తో గుణించి, 20 లీ. కిందికి దిగుతాయి. గొట్టాలలోనివి కలిపితే 23 లీ. మన సంపులో ఒక్కో సెంటీమీటరుకు 2.1 లీ. పడుతుంది కాబట్టి మట్టం 11 సెం.మీ. పెరిగి 31కి చేరుతుంది, 4 సెం.మీ. మిగులుతుంది. మూతి 10 సెం.మీ. లోతున ఉంటే 40 లీ. పైగా దిగి సంపు పొర్లడం ఖాయం. గొట్టంలో నీటి మట్టానికి కాస్త దిగువన చిన్న రంధ్రం చేస్తే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. అయితే ఆ రంధ్రం నాచుతో, ఉప్పుతో పూడుకుంటుంది. అందువల్ల రంధ్రంపై నమ్మకంతో సంపును నిండుగా ఉంచడం సరికాదు. తొట్టి నింపిన రోజే స్విచ్చి తీసి, మట్టం ఎక్కడ ఆగిందో చూసి, సంపు అద్దంపై గీత గీయాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో పై తొట్టిలో నీటిని కదిలించే చిన్న పంపును దానికి కలపడం మేలు. 25 డిగ్రీల వద్ద మంచినీటిలో లీటరుకు 8.3 మి.గ్రా. ప్రాణవాయువు కరిగితే సముద్రపు నీటిలో 6.8 మి.గ్రా. మించదు, 30 డిగ్రీలకు అది 6.2 మి.గ్రా. చేరుతుంది. కదలిక లేని తొట్టిలో చేపలకు ఉండే వ్యవధి కొద్ది గంటలే.

నత్రజని లెక్క

వరిమడిలో యూరియా వేసిన తరువాత మధ్యాహ్నం నాచు కర్బనామ్లాన్ని వాడుకోవడంతో నీటి ఉదజని సూచిక 9 దాటుతుంది, అమ్మోనియం అయాను అమ్మోనియా వాయువుగా మారి పోతుంది. మొక్కకు అది నష్టం. చేపకు అది విషం, ఎందుకంటే మొప్పల పొరను దాటగలిగేది అయాను కాదు, వాయువే. ఉదజని సూచిక 7 ఉన్న మంచినీటి తొట్టిలో మొత్తం అమ్మోనియాలో వాయు రూపం అర శాతం. 8.2 ఉన్న సముద్రపు నీటిలో అది 6 నుండి 7 శాతం. పరీక్షలో ఒకే అంకె చూపినా ఉప్పునీటి తొట్టిలో ప్రమాదం పదింతలకు పైనే. మంచినీటి చేపలు పెంచిన అనుభవంతో నేరుగా ఉప్పునీటికి వచ్చేవారు నష్టపోయేది ఇక్కడే.

దూరప్రాంతం నుండి సంచిలో వచ్చిన చేపల విషయంలోనూ ఈ సూత్రమే పనిచేస్తుంది. ప్రయాణంలో చేప విడిచిన కర్బనామ్లం వల్ల సంచి నీటి ఉదజని సూచిక తగ్గి, పోగైన అమ్మోనియా అయాను రూపంలో నిరపాయంగా ఉంటుంది. సంచి విప్పి గంటల తరబడి బొట్టు బొట్టుగా కొత్త నీరు కలిపితే కర్బనామ్లం ఎగిరిపోయి, సూచిక పెరిగి, ఆ అమ్మోనియా అంతా విషమవుతుంది. ముందుగానే తొట్టి నీటి ఉప్పుదనాన్ని సంచి నీటికి సరిపోల్చి, మూసిన సంచిని తేలనిచ్చి ఉష్ణోగ్రత సమం చేసి, విప్పగానే చేపను మార్చడం మంచిది.

చేపలు రాకముందే నత్రీకరణ బాక్టీరియాను పెంచాలి. 200 లీ. నీటికి 1.5 గ్రా. ప్రయోగశాల నాణ్యత గల అమ్మోనియం క్లోరైడు వేస్తే లీటరుకు 2 మి.గ్రా. అమ్మోనియా నత్రజని వస్తుంది. ఎరువుగా అమ్మేది వాడరాదు. అమ్మోనియా తగ్గడం, నైట్రైటు పెరిగి పడిపోవడం, నైట్రేటు చేరడం వరుసగా కనిపిస్తాయి. దీనికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. వేసిన మోతాదు ఒక్క రోజులో మాయమై నైట్రైటు కూడా సున్నాకు వస్తే తొట్టి సిద్ధం. వరిపొలం మట్టి పిడికెడు వేస్తే బాక్టీరియా వస్తుంది కదా అనిపించవచ్చు గాని, ఆ జాతులు ఈ ఉప్పుదనానికి తట్టుకోలేవు. నడుస్తున్న ఉప్పునీటి తొట్టి నుండి కొన్ని సిరామిక్ ముక్కలు తెచ్చుకుంటే వ్యవధి తగ్గుతుంది. అయితే వాటితోపాటు ఆ తొట్టిలోని పరాన్నజీవులూ రావచ్చు.

ఆ తరువాతి లెక్క పోషక సమతుల్యానిదే. రోజుకు 1 గ్రా. పొడి మేత, అందులో 45 శాతం ప్రోటీను అనుకుంటే 72 మి.గ్రా. నత్రజని లోపలికి వస్తుంది. అందులో 50 మి.గ్రా. నీటిలోకి విడుదలై నైట్రేటుగా మారితే లీటరుకు రోజుకు 1.1 మి.గ్రా., వారానికి 7.7 మి.గ్రా. నైట్రేటు పెరుగుతుంది. వారానికి పదో వంతు నీరు మారిస్తే అదనంగా చేరేదీ తీసేదీ సమానమయ్యే స్థాయి 77 మి.గ్రా. వద్ద గాని రాదు. అంటే ప్రతి వారం 20 లీ. నీరు క్రమం తప్పక మార్చినా నైట్రేటు పెరుగుతూనే ఉంటుంది. వారం వారం నీరు మారుస్తున్నాం కదా అని నిశ్చింతగా ఉండేవారు ఈ సంఖ్యను గమనించాలి.

పొలంలో దీనికి రెండు దారులున్నాయి, పంట తీసుకుపోవడం, వినత్రీకరణ. తొట్టిలోనూ ఈ రెండే. సంపు మూడవ గదిలో పచ్చని తీగల ముద్దలా పెరిగే కీటోమార్ఫా గాని, విశాఖ తీరపు రాళ్ళపై కనిపించే అల్వా వంటిది గాని ఉంచి, పై తొట్టి దీపాలు ఆరిన రాత్రి వేళల్లో దానికి దీపం వెలిగిస్తే నైట్రేటును, ఫాస్ఫేటును తీసుకొని పెరుగుతుంది. రాత్రి వెలిగించడం వల్ల పై తొట్టిలో కర్బనామ్లం పేరుకొని ఉదజని సూచిక పడిపోకుండా కూడా ఉంటుంది. తాజా నాచులో పదో వంతు పొడి పదార్థం, అందులో 2 నుండి 3 శాతం నత్రజని అనుకుంటే, వారానికి 120 నుండి 170 గ్రా. నాచు కోసి తీసేస్తే పైన లెక్కించిన 350 మి.గ్రా. నత్రజని బయటికి పోయినట్టే. కోయకుండా వదిలేస్తే అది కుళ్ళి తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది.

వినత్రీకరణ విషయంలో వరిపొలం పోలికను జాగ్రత్తగా వాడాలి. నీట మునిగిన నేలలో పైన కొన్ని మిల్లీమీటర్ల ఆక్సీకరణ పొర, దాని కింద క్షయకరణ పొర ఉంటాయని, ప్రాణవాయువు తరువాత నైట్రేటు, మాంగనీసు, ఇనుము, చివరగా సల్ఫేటు క్షయకరణం చెందుతాయని మునిగిన నేలల రసాయన శాస్త్రంపై 1972లో పొన్నంపెరుమ రాసిన సమీక్ష చదివినవారికి తెలుసు. ఆక్వేరియంలోనూ మందమైన ఇసుక పొర వేసి అడుగున వినత్రీకరణ సాధించే పద్ధతులున్నాయి. అయితే వరినేలలో ఇనుము సమృద్ధిగా ఉండి, పుట్టిన సల్ఫైడును పట్టి ఉంచుతుంది. ఆక్వేరియం ఇసుకలో ఇనుము లేదు, నీటిలో సల్ఫేటు మాత్రం లీటరుకు 2.7 గ్రా. ఉంది. నైట్రేటు అయిపోగానే చర్య నేరుగా సల్ఫేటుకు దూకి హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. ఆ ఇసుకను కదిపిన రోజున తొట్టి మొత్తం పోవచ్చు. కొత్తవారు ఇసుకను 2 నుండి 3 సెం.మీ. మించకుండా వేసి, వినత్రీకరణను రాళ్ళ లోపలి రంధ్రాలకు వదిలేయడం క్షేమం.

ఇక రాళ్ళ మాట. సున్నపురాయి నాపరాళ్ళు ఈ ప్రాంతంలో కావలసినన్ని దొరుకుతాయి, కాల్షియం కార్బొనేటే కాబట్టి హాని చేయవు. కాని పగడపు దిబ్బ రాయిలో ఉండే సూక్ష్మరంధ్రాలు నాపరాయిలో లేవు. దానిపై బాక్టీరియాకు దొరికేది బయటి ముఖం మాత్రమే. గుహల్లా పేర్చడానికి అది బాగుంటుంది, వినత్రీకరణకు పనికిరాదు. ఆ పని కోసం సచ్ఛిద్ర సిరామిక్ రాళ్ళు వేరుగా పెట్టుకోవాలి. 8.2 సూచిక వద్ద సున్నపురాయి కరగదు కాబట్టి క్షారతను అది నిలబెడుతుందన్న ఆశ కూడా వద్దు. ప్రతి 1 మి.గ్రా. అమ్మోనియా నత్రజని నత్రీకరణకు 7.1 మి.గ్రా. కాల్షియం కార్బొనేటుకు సమానమైన క్షారత ఖర్చవుతుంది. మన తొట్టిలో నాచు తిరిగి ఇచ్చేదాన్ని బట్టి వారానికి 2 నుండి 4 గ్రా. వంటసోడా కలిపితే ఆ లోటు తీరుతుంది.

వేసవి

ఏప్రిల్, మే నెలల్లో మిర్యాలగూడ, సూర్యాపేటలలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలకు చేరడం మామూలే. పగడపు దిబ్బల చేపలకు కావలసింది 24 నుండి 28 డిగ్రీలు. సంపుపై చిన్న ఫ్యాను పెడితే బాష్పీభవనం వల్ల పొడి వేడిలో నీరు బాగా చల్లబడుతుంది. జులై నుండి గాలిలో తేమ పెరిగాక అదే ఫ్యాను పెద్దగా ఉపయోగపడదు. పై తొట్టి మట్టం అలుగు వల్ల మారదు కాబట్టి ఇగిరిన నీరంతా మోటారు గదిలోనే తగ్గినట్టు కనిపిస్తుంది. రోజుకు 4 లీ. ఇగిరితే అయిదు రోజుల్లో 20 లీ. పోయి, ఉప్పుదనం 35 నుండి దాదాపు 39కి ఎక్కుతుంది. నీరే ఇగురుతుంది, లవణం ఇగరదు. చౌడు నేల ఏర్పడే క్రమం ఇదే. అందుకని తగ్గిన మట్టాన్ని మంచి ఆర్.ఓ. నీటితోనే రోజూ నింపాలి, ఉప్పునీటితో కాదు. ఇంటిల్లిపాది ఊరెళ్ళే వేసవి సెలవుల్లో పొరుగువారికి అప్పగించవలసిన మొదటి పని ఇదే. మేత రెండు మూడు రోజులు లేకపోయినా చేపలకు నష్టం లేదు.

చేపలు, చట్టం

పగడాలు, సముద్రపు గుర్రాలు, రాకాసి ఆలుచిప్పలు తొట్టికి అందం తెస్తాయని చిత్రాలు చూసి అనుకోవడం సహజం. ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో 2001లో చేరాయి. మన తీరాలలో సేకరించిన పగడాన్ని, పగడపు అస్థిపంజరమైన సజీవ శిలను ఇంట్లో పెట్టుకోవడం నేరం. విస్తరణ శాస్త్రవేత్త ఈ విషయాన్ని ముందే చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాడు చెప్పడు.

చేపలలో క్లౌన్, డాంసెల్ జాతులను తొట్టిలోనే పొదిగించి పెంచే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ రూపొందించింది. దిబ్బల నుండి పట్టితెచ్చిన చేప కంటే ఇలా పెంచిన చేప పొడి మేతకు అలవాటుపడి ఉంటుంది, ప్రయాణపు ఒత్తిడిని తట్టుకుంటుంది. 200 లీ. వ్యవస్థలో మొదట రెండు క్లౌన్ చేపలు, నెల తరువాత మరో రెండు చిన్న చేపలు వేసి అక్కడికి ఆగాలి. కొత్త చేపను మూడు నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి, క్రిప్టోకారియాన్ అనే తెల్లమచ్చల పరాన్నజీవి లేదని తేలాకే కలపాలి. రాగి మందు వేయవలసి వస్తే అది ఆ వేరే తొట్టిలోనే. సంపులోని సిరామిక్ ముక్కలు, రాళ్ళు రాగిని పీల్చుకొని నెలల తరబడి వదులుతూ ఉంటాయి, ఇక అందులో రొయ్య బతకదు.

వాడిన నీరు

వారానికి తీసే 20 లీ. నీటిలో 700 గ్రా. లవణముంటుంది, ఏడాదికి అది 36 కిలోలు. నైట్రేటు ఉంది కదా అని ఈ నీటిని పెరటి మొక్కలకు పోయాలన్న ఆలోచన కొత్తవారికి తప్పక వస్తుంది. సముద్రపు నీటి సోడియం అధిశోషణ నిష్పత్తి దాదాపు 59. నేల ద్రావణంలో 13 దాటితేనే క్షార నేలగా లెక్కిస్తారు. ఎడమ కాలువ ఆయకట్టులోని నల్లరేగడిలో అసలే నీరు ఇంకడం నెమ్మది. అలాంటి నేలలో ఈ నీరు పోస్తే బంకమట్టి కణాలు విడిపోయి, వాన పడినా నీరు దిగని మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చను తిరిగి బాగుచేయడానికి జిప్సం, దానిని కడగడానికి మంచినీరు, ఆ నీరు పోవడానికి మురుగు దారి, మూడూ కావాలి. పొలంలోని నాట్ల మడికి, పంట కాలువకు, చెరువుకు, సెప్టిక్ ట్యాంకుకు ఈ నీరు చేరకూడదు. పట్టణంలో మురుగు కాలువకు, ఇంటి వాడకపు నీటితో పాటు కొద్దికొద్దిగా వదలాలి. కోసి తీసిన నాచును మాత్రం రెండు మూడు సార్లు మంచినీటిలో కడిగి, ఉప్పు పోయాక కంపోస్టు గుంటలో వేయవచ్చు. కడిగిన నీటి విద్యుద్వాహకత చివరి విడతలో 1 డెసీసైమన్ లోపుకు దిగిందో లేదో మీటరుతో చూసుకుంటే సరిపోతుంది.